శునక శీతల జలాశయం

మా ఇంటి పెరట్లో కుక్కలు చల్లబడడానికి తలపెట్టిన చెరువు, అడిగిన గడువు కన్నా నలభై ఒక్క రోజులు మాత్రమే ఆలస్యంగా, సకల హంగులతో పూర్తయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. చెరువులో ఏ లోపమూ లేదు. అందులో కుక్క లేదన్న విమర్శ అక్కడక్కడా వినిపిస్తోంది గానీ అది గిట్టనివాళ్ళ మాట. నేను ఈ ఇంటి అల్లుణ్ణి. మేడమీది వాటాలో ఉంటాను, రెండు పూటలా కింద భోంచేస్తాను. కనుక ఈ విషయంలో నా అంత నిష్పక్షపాతంగా మాట్లాడేవాడు మరొకడు దొరకడు.

మా అత్తగారికి రెండు కుక్కలు. పెద్దది దొర. చలిదేశపు జాతి, ఒళ్ళంతా జానెడు బొచ్చు, పదకొండేళ్ళ వయసు. దాన్ని పిల్లప్పుడు చెప్పుల పెట్టెలో పెట్టుకుని ఆవిడే తెచ్చుకుంది. రెండోది చిట్టి. అది పిల్లి కన్నా కాస్త పొడుగు, నీళ్ళ చప్పుడు వింటే బీరువా కిందకు దూరుతుంది. ఈ ఏడు ఎండలు ముదిరేసరికి దొర నాలుక వేలాడేసి, కొలిమి తిత్తిలా రొప్పుతూ స్నానాలగది గుమ్మంలో పడి ఉండడం మొదలుపెట్టింది. పశువుల డాక్టరు గుండె విని, ఇంకా రెండు నెలల ఎండలున్నాయని, ఒళ్ళు తడుస్తూ ఉండకపోతే ఈ గుండె ఈ వేసవి దాటదని మొహాన చెప్పేశాడు. అత్తగారు ఆ పూట భోజనం ముట్టుకోలేదు.

"పెరట్లో చెట్టు కింద ఇంత గొయ్యి తీయించి పది బకెట్లు నీళ్ళు పోయిద్దామండీ. సాయంత్రానికల్లా అయిపోతుంది," అని మామగారిని అడిగింది.

అక్కడే ఆవిడ తప్పులో కాలేసింది. మామగారు ముప్ఫై నాలుగేళ్ళు ప్రణాళికల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన సర్వీసు మొత్తంలో సాయంత్రానికల్లా అయిపోయిన పని ఒక్కటీ లేదు, ఈ సంగతి ఆయనే గర్వంగా చెప్పుకుంటారు. ఎవరి కోసం, ఎంత లోతు, ఎంత వెడల్పు అన్నవి తేల్చకుండా గునపం పట్టుకుంటే దాన్ని పని అనరని, పిచ్చి అంటారని ఆయన అత్తగారికి ఓపిగ్గా వివరించారు. ఆ రాత్రే ఫైలు తెరిచారు. అట్ట మీద గుండ్రటి అక్షరాలతో 'శునక శీతల జలాశయ పథకం' అని రాశారు.

మర్నాడే కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు మామగారు. సభ్యులు పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరుగారు. ఆయన జన్మలో కుక్కను పెంచలేదు కనుక ఆయనకు ముందస్తు అభిప్రాయాలేవీ లేవు. కార్యదర్శిని నేను. అత్తగారిని తీసుకోలేదు. కుక్కల మీద ప్రేమ ఉండడం వల్ల ఆవిడ తీర్పు ఒకవైపు ఒరిగే ప్రమాదముందని అధ్యక్షులు కనిపెట్టారు. ఆవిడకు టీ సరఫరా బాధ్యత అప్పగించి తగిన గౌరవం ఇచ్చాం.

ముందు లబ్ధిదారుల కొలతలు తీసుకున్నాం. దొర నిలబడితే నా నడుము దాకా వస్తుంది. చిట్టి నా పిక్క దాకా వస్తుంది, అదీ ఆ రోజు సరదాగా ఉంటే. ఇద్దరికీ న్యాయం జరగాలని హెడ్మాస్టరుగారు రెండు ఎత్తులూ కూడి రెండుతో భాగించారు. అలా సగటు కుక్క తేలింది. చెరువు లోతు, మెట్ల ఎత్తు, గట్టు వెడల్పు అన్నీ ఆ సగటు కుక్కకు అతికినట్టు సరిపోయేలా గీశాం. దొర అందులో నిలబడితే వీపు తడవదు. చిట్టి దిగితే మునుగుతుంది. అయితే ఎవరికీ పక్షపాతం చూపించలేదన్న తృప్తి మాకు మిగిలింది. ఈ పని చక్కగా జరగడానికి పదకొండు రోజులు పట్టింది.

ఇంతలో చెట్టు సమస్య వచ్చింది. పెరట్లో ఉన్న ఒకే ఒక్క చెట్టు దట్టమైన నీడ ఇస్తుంది, మంచిదే. కానీ ఆకులు రాలుస్తుంది. రాలిన ఆకు నీళ్ళలో పడుతుంది, నీళ్ళు పాడవుతాయి, పథకానికి చెడ్డపేరు వస్తుంది. కమిటీ ఏకగ్రీవంగా చెట్టును కొట్టించింది. చెరువు ఆ నీడ కోసమే కదా అక్కడ పెట్టింది అని అత్తగారు టీ గ్లాసులు తీస్తూ గొణిగింది. ఆ మాట మినిట్సులో చేరలేదు, ఎందుకంటే ఆవిడ సభ్యురాలు కాదు.

మేస్త్రి మనుషులు ఒక్క పూటలో గొయ్యి తవ్వేశారు. వాళ్ళు అలా పైకెక్కారో లేదో, దొర కాళ్ళీడ్చుకుంటూ వచ్చి గోతిలోకి దిగి, చెమ్మగా ఉన్న మట్టి మీద పొట్ట ఆనించి పడుకుంది. పావుగంటలో దాని రొప్పు ఆగింది. కళ్ళు మూసుకుంది. అత్తగారు గట్టు మీద కూర్చుని ఏడ్చింది, ఆనందంతోనే. ఇంక చాలదా, దీంట్లోనే నీళ్ళు పోసేద్దామని బతిమాలింది. పని పూర్తయినట్టు ధ్రువపత్రం లేకుండా లబ్ధిదారు ప్రవేశించడం ఎంత ప్రమాదమో మామగారు పది నిమిషాలు చెప్పారు. కార్యదర్శి హోదాలో దొరను మెడపట్టీ పట్టుకుని బయటకు లాగినవాణ్ణి నేనే. అది నా వంక చూసింది. సిగ్గేసింది. తర్వాత భోజనానికి పిలిచారు, తగ్గింది.

సిమెంటు పని అయ్యాక ఇరవై ఒక్క రోజులు తడపాలన్నారు. ఇందుకోసం మేస్త్రి ఒకావిడను పెట్టాడు. ఆవిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మండుటెండలో బకెట్టు మోస్తూ చెరువు గోడలకు నీళ్ళు కొట్టేది. సిమెంటు ఎండకు బీటలు వారకూడదని మేము పడిన ఆందోళన అంతా ఇంతా కాదు. గంటకోసారి కిటికీలోంచి చూసేవాళ్ళం. గోడలు తడిగా ఉంటే హాయిగా ఫ్యాను కిందకు వెళ్ళేవాళ్ళం.

అలా చూస్తుండగానే ఒక అవకతవక బయటపడింది. ఆవిడ గోడకు రెండు చెంబులు కొట్టి, మూడోది దొర మీద పోస్తోంది. దొర ఆవిడ వెనకాలే బకెట్టు వెంట తిరుగుతోంది. సిమెంటుకు కేటాయించిన నీళ్ళు కుక్కకు ఎలా మళ్ళిస్తావని మామగారు నిలదీశారు.

"గోడ అడగదు కదయ్యా, అది అడుగుతోంది," అంది ఆవిడ, బకెట్టు దించకుండా.

దీనికి ఏ నిబంధన కింద జవాబు చెప్పాలో తెలియక కమిటీ ఆ విషయాన్ని వాయిదా వేసింది. నా ఉద్దేశం అడిగితే, ఆ ఇరవై ఒక్క రోజులూ దొర బతికి ఉండడానికి ఆ వాయిదాయే కారణం. కమిటీలు పనికిరానివని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

చివరి దశలో పనులు చకచకా సాగాయి. అడుగున అద్దంలా మెరిసే టైల్సు పరిచాం, వాటి మీద నిలబడ్డానికి మేస్త్రికే ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. పిల్లలు పడకుండా చుట్టూ కంచె, కంచెకు గేటు, గేటుకు తాళం, తాళంచెవి మామగారి జేబులో. గేటుకు నల్లటి బోర్డు: 'స్నానం చేయని కుక్కలకు ప్రవేశం లేదు.' నీళ్ళు శుభ్రంగా ఉండాలి కదా.

ప్రారంభోత్సవానికి మా వార్డు సభ్యుణ్ణి పిలిచాం. ఆయన గొడుగు కింద నిలబడి ముప్పావుగంట మాట్లాడారు. "మాట రాని జీవి దాహం తెలుసుకున్న ఇల్లు ఇది. మన వార్డులో ఏ ప్రాణీ ఎండకు బాధపడకూడదన్నదే నా చిరకాల స్వప్నం," అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నీళ్ళు కొట్టిన ఆవిడ ఎండలో, కంచె అవతల నిలబడి విన్నది. రిబ్బను కత్తిరించి దొరను గేటులోంచి పంపాం. అప్పటికి మిట్టమధ్యాహ్నం. నీడ లేని చెరువులో నీళ్ళు అప్పుడే పొయ్యి మీంచి దించినట్టున్నాయి. దొర ఒక కాలు పెట్టింది, తీసింది. టైల్సు మీద రెండో కాలు జారింది. మమ్మల్నందరినీ ఒకసారి చూసింది. ఆ రోజుతో నీళ్ళు కొట్టే ఆవిడ పని అయిపోయింది, ఆవిడ ఖాళీ బకెట్టు పట్టుకుని వెళ్తోంది. దొర గేటు దాటి ఆవిడ వెనకాలే నడిచి వెళ్ళిపోయింది. మేము ఫోటోల హడావిడిలో ఉండి గమనించలేదు.

రెండు రోజులు అత్తగారు ఊరంతా తిరిగింది. మూడో రోజున దొర దొరికింది. మా వెనక రెండు వీధుల అవతల, నీళ్ళు కొట్టే ఆవిడ ఉండే సందులో, వీధి కుళాయి ఉంది. నాలుగేళ్ళుగా కారుతోంది. ఆ కారే చోట, గోడ నీడలో, దొర తనే గొయ్యి తవ్వుకుంది. ముందుకాళ్ళతో, కొలతలు లేకుండా, కమిటీ లేకుండా. అరగంట పట్టిందట. అందులో మెడ దాకా బురదలో పడుకుని, నోరు మూసుకుని, ప్రశాంతంగా ఊపిరి తీస్తోంది. డాక్టరు వచ్చి చూసి, ఎండలు తగ్గేదాకా, అంటే ఇంకా పద్దెనిమిది రోజులు, దీన్ని ఇక్కణ్ణుంచి కదపొద్దన్నాడు. అత్తగారు స్టూలు తీసుకెళ్ళి ఆ గోతి పక్కనే మకాం పెట్టింది.

ఇది విని మామగారు స్వయంగా వెళ్ళి చూసొచ్చారు. మనిషి నలిగిపోయారు. జాలి నాకూ వేసింది, నలభై ఒక్క రోజుల కష్టం మరి. కానీ కర్తవ్యం దగ్గర ఆయనకు బంధుత్వాలు అడ్డురావు.

"ప్లాను లేదు, అనుమతి లేదు, జనం నడిచే దారిలో తవ్వకం. కుక్క మనదైతే మాత్రం రూలు మారుతుందా? కాగితం తీయండి అల్లుడుగారూ," అన్నారు.

ఫిర్యాదు నేనే రాశాను. అందులో కుక్క అన్న మాట ఎక్కడా రాకుండా 'వీధి కుళాయి వద్ద అక్రమ తవ్వకం' అని రాయడం నా తెలివే. అప్పటికి చెరువు చూడ్డానికి రోజూ జనం వస్తున్నారు. వచ్చినవాళ్ళకు టీ ఇచ్చి, కాగితం ముందు పెట్టాం. ముప్ఫై ఒక్క సంతకాలు పడ్డాయి. అందరూ జంతుప్రేమికులే.

పురపాలక సిబ్బంది రెండు గంటల్లో వచ్చారు. కుళాయి కారుతోందని ఆ సందువాళ్ళు నాలుగేళ్ళుగా పెట్టుకున్న అర్జీలకు వీళ్ళెందుకు రాలేదని నన్నడక్కండి, వాటిమీద ఇంత మంచి చేతిరాత ఉండి ఉండదు. వాళ్ళు దొరను అవతలికి లాగి, రాళ్ళూ మట్టీ పోసి గొయ్యి పూడ్చారు. కుళాయిని ముట్టుకోలేదు, అది ఫిర్యాదులో లేదు. దొర మళ్ళీ రొప్పడం మొదలుపెట్టింది. అత్తగారు అంతసేపూ దాన్ని పొదివి పట్టుకుని కూర్చుంది. వాళ్ళు వెళ్ళాక దాని చెవిలో, "తవ్వుకో నాన్నా. వాళ్ళు పూడిస్తే పూడుస్తారు, నువ్వు తవ్వుకో," అంది. నేను అక్కడే ఉన్నాను, విన్నాను.

అది తవ్వింది. పూడ్చినదానికి గజం ఇవతల. ఈసారి గంటన్నర పట్టింది, మధ్యలో మూడుసార్లు పడిపోయింది. నీళ్ళు కొట్టే ఆవిడ కూడా పక్కన కూర్చుని చేత్తో మట్టి తీసింది.

కొత్త గొయ్యి కనుక కొత్త ఫిర్యాదు కావాలని, పాత సంతకాలు చెల్లవని ఆఫీసువాళ్ళు చెప్పారు. కాగితం సిద్ధం చేశాను, బల్ల మీదే ఉంది. పెన్ను పక్కనే పెట్టాను. మొదటి సంతకం నాది. చెరువు చూడ్డానికి మీరెలాగూ వస్తారు, కిందటిసారి కూడా వచ్చారు. రండి, టీ తాగుదురుగాని. ముప్ఫై ఒక్కరిలో ఒక్కరూ చదివి సంతకం పెట్టలేదు. మీ మీద నాకు పూర్తి నమ్మకముంది.