సీతారత్నం సముద్రం చూసిన రోజు

ఇలా దగ్గరికి జరగండి, ఆ టీవీ కాస్త తగ్గించండి. మా పెదపాడు బుచ్చిబాబు పెళ్ళాన్ని సముద్రానికి తీసుకెళ్ళిన సంగతి చెబుతాను.

ఆ మనిషికి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడంటాడు, నవ్వకపోతే ఎక్కువ కలిపాడంటాడు. ఉన్నది ఒక్క చేపల చెరువు. దాని గట్టు మీద మంచం వేసుకుని పడుకుంటాడు. అది చాలక కెమెరా కూడా పెట్టించి, ఫోన్లో చూసుకుంటూ ఉంటాడు. పక్క చెరువు బంగార్రాజుది. మొన్ననే చేపల పట్టుబడి అయిపోయి, కొత్త నీళ్ళు పెట్టి ఖాళీగా ఉంచాడు. ఆ బంగార్రాజు దగ్గితే చాలు, తన చెరువులో పురుగుమందు కలపమని ఎవరికో సైగ చేస్తున్నాడని బుచ్చిబాబు లేచి కూర్చుంటాడు.

ఆయన భార్య సీతారత్నానికి ఒకటే కోరిక. బంగార్రాజు భార్య విశాఖపట్నం వెళ్ళొచ్చి, "అలల్లో నిలబడితే కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంది వదినా, ఒళ్ళంతా గిలిగింతే" అని చెప్పింది. పుట్టిన దగ్గర్నించీ నీళ్ళ మధ్యే బతుకుతున్నా, ఆ లాగుడు ఎలా ఉంటుందో సీతారత్నానికి తెలియదు. ఏడాది పోరింది. చివరికి ఒప్పుకున్నాడు. పొద్దున్నే విశాఖలో దిగాలి. ఊరి బయట ఒడ్డున తెల్లదొరల నాటి పార్కు ఉంది, అది చూడాలి. దాని వెనక మెట్లు దిగి కాళ్ళు తడుపుకోవాలి. మధ్యాహ్నం రైలెక్కి రాత్రికల్లా గట్టు మీద ఉండాలి. అదీ ఏర్పాటు. చెరువు దగ్గర పాలేరు యోసేపును కాపలా పెట్టి, బంగార్రాజును చూస్తూ ఉండమని చెప్పి బయల్దేరారు.

పార్కులో అడుగు పెట్టగానే బుచ్చిబాబు ఆగిపోయాడు.

"ఇంత పాత పార్కుకి ఇంత కొత్త గేటు ఎందుకేశారంటావు? ఏదో పోయుంటుంది."

"పోతే పోయిందిలెండి. సముద్రం హోరు వినబడుతోంది, రండి."

దారిలో రాతి గట్లు కట్టిన కొలను ఒకటి ఉంది. బుచ్చిబాబు అందులోకి చూసి కొయ్యబారిపోయాడు. చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. మన చెరువుల మీద బతికే వాళ్ళకి ఆ దృశ్యం చూస్తే గుండె జారిపోతుంది. పొద్దుటిపూట చేప అలా పైకొచ్చిందంటే నీళ్ళలో గాలి చాలలేదన్నమాట, లేదంటే ఎవరో మందు కలిపారన్నమాట. అప్పుడే పాత ఫిరంగి చాటున ఒక పెద్దమనిషి కనబడ్డాడు. అటూ ఇటూ చూస్తూ, కవర్లోంచి పిండి ఉండలు తీసి కొలనులో వేస్తున్నాడు.

"ఏవండీ, ఏం వేస్తున్నారు?"

"ఏం లేదండీ."

"ఏం లేకపోతే చెయ్యి వెనక్కెందుకు పెట్టుకున్నారు?"

"నా చెయ్యేనండీ. ఎక్కడైనా పెట్టుకుంటాను."

"ఏ ఊరండీ మనది?"

"తాడేపల్లిగూడెమండీ. పేరు తాతారావు."

"అంత దూరం నుంచి వచ్చారంటే ఇది చిన్న పని కాదన్నమాట."

బుచ్చిబాబు ఒక చేత్తో తాతారావు చొక్కా పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీశాడు. నీళ్ళలో గాలి పెంచడానికి ఇంటి దగ్గరున్న ఆక్సిజన్ మందు డబ్బా మీద పేరు అడుగుదామని. "యోసేపూ, చేపలన్నీ తేలిపోయాయిరా. ఎవడో పిండిలో మందు పెట్టి వేశాడు" అంటూండగానే కాలు జారింది. ఫోన్ కొలనులో పడింది, వెనకే ఆయనా పడ్డాడు. పడ్డవాడు లేచి, పంచె ఎగ్గట్టి, నీళ్ళలోకి గాలి ఎక్కాలని రెండు చేతులతో నీళ్ళు బాదడం మొదలుపెట్టాడు.

చూసినవాళ్ళలో ఒకరు పిల్లాడు పడ్డాడన్నారు. ఇంకొకరు ఇద్దరన్నారు. వాచ్‌మన్ విజిల్ వేశాడు. ఒడ్డున ఉండే గజఈతగాళ్ళు తాళ్ళతో పరిగెత్తుకొచ్చారు. సరిగ్గా అప్పుడే సీతారత్నం చెప్పులు చేత పట్టుకుని సముద్రం మెట్ల దగ్గరికి చేరింది. సెక్యూరిటీ అతను ఆమె ముందే మెట్ల గేటుకు తాళం వేశాడు.

"ఎవరినీ పంపటం లేదమ్మా. ఎవరో పంచెకట్టాయన మునిగిపోయారట."

సీతారత్నం వెనక్కి తిరిగి చూసింది.

"మునగలేదులెండి. ఆయన మావారు. నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయి."

అందరినీ ఆఫీసులో కూర్చోబెట్టారు. పార్కు మేనేజరు ఇందుజ అనే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "ఇక్కడి చేపలు రోజూ అలాగే పైకొస్తాయండీ. వచ్చినవాళ్ళందరూ మేత వేసి అలవాటు చేశారు. వద్దని బోర్డు పెట్టినా వినరు."

తాతారావు తల దించుకున్నాడు. "నాకు శని బాగాలేదని, సముద్రం పక్కనున్న చేపలకి గోధుమపిండి వెయ్యమన్నారండీ. బోర్డు చూసే చాటుగా వేస్తున్నాను."

"మందు లేదని రుజువేంటి?" అన్నాడు బుచ్చిబాబు.

తాతారావు ఒక ఉండ నోట్లో వేసుకుని, ఇంకోటి ఈయనకిచ్చాడు. బుచ్చిబాబు వాసన చూసి జేబులో పెట్టుకున్నాడు. "ఏలూరులో టెస్టు చేయిస్తాను."

ఈ గొడవ తేలేసరికి మధ్యాహ్నం రైలు వెళ్ళిపోయింది. గేటు తాళం మాత్రం తియ్యలేదు. అప్పుడు సీతారత్నం ఫోన్ మోగింది. తీసి మొగుడికిచ్చింది. యోసేపు.

"అయ్యగారూ, మీరేం కంగారు పడకండి. గట్టెక్కి చూస్తే ఒక్క చేపా తేలలేదండీ. అయినా మీరు కెమెరాలో చూసే చెప్పుంటారని ఊరందర్నీ పిలిచాను. వలలు వేసి చేపలన్నీ బంగార్రాజుగారి చెరువులోకి మార్చేశాం. ఆయనే దగ్గరుండి వల లాగారండీ. ఇప్పుడు మీ మంచం మీదే కూర్చుని కాపలా కాస్తున్నారు. నిదానంగా రమ్మన్నారు."

బుచ్చిబాబు తడి పంచె బిగించి లేచాడు. "పద, ఏ బస్సు దొరికితే అది ఎక్కేద్దాం."

సీతారత్నం తాపీగా పులిహోర డబ్బా మూత తీసింది.

"వెళ్ళి ఏం చేస్తారండీ?"

"చేపలు చూసుకోవాలి గదా."

"పొద్దుటినించీ నడుం విరిగేలా వల లాగిన మనిషి ముందుకెళ్ళి చేపలు చూసుకుంటారా? తనని అనుమానించే వచ్చారని అన్నయ్యగారు అనుకోరూ? ఆయనకి కోపమొస్తే, చేపలు ఎవరి చెరువులో ఉన్నాయండీ?"

అంతవరకూ అందర్నీ తను అనుమానించడమే తెలుసు గానీ, తన అనుమానం ఎదుటివాడికి తెలిస్తే ఏమవుతుందోనన్న భయం బుచ్చిబాబుకి అదే మొదలు. మళ్ళీ కూర్చుని పులిహోర తిన్నాడు. ఇందుజ తనే వచ్చి గేటు తీసింది.

సీతారత్నం అలల్లో నిలబడింది. నీళ్ళు వెనక్కి వెళ్తుంటే కాళ్ళ కింద ఇసుక జారింది. చిన్నపిల్లలా నవ్వింది. పక్కన బుచ్చిబాబు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"సీతా, కింద నుంచి ఎవరో లాగుతున్నారే."

"లాగనివ్వండి."

పొద్దు గుంకేదాకా అక్కడే ఉన్నారు.

తర్వాత ఏలూరులో టెస్టు చేయించాడు కూడా. ఉత్త గోధుమపిండేనని రాసిచ్చారు. రాసినాయనది ఏ ఊరో ఇప్పుడు ఆరా తీస్తున్నాడు. ఇదంతా గుర్తుపెట్టుకుని మీ వాళ్ళకీ చెప్పండి నాయనా. చెప్పేటప్పుడు బుచ్చిబాబు ఎదురుపడి మీది ఏ ఊరని అడిగితే, తాడేపల్లిగూడెం అని మాత్రం అనకండి.