నలభై ఎనిమిది జానలు

రెండో తరగతి టీచరు ఆ సోమవారం ఉదయం చాలా తేలికైన పథకంతో బడికి బయల్దేరింది. లెక్కల్లో ‘కొలతలు’ పాఠం మొదలుపెట్టాలి. వచ్చే వారం తల్లిదండ్రుల ముందు జరగబోయే పిల్లల ప్రదర్శనకు వేదికమీద కొత్త తెర కావాలి. పాత తెరను సెలవుల్లో ఎలుకలు తమ సొంత ప్రదర్శనకు వాడుకున్నాయి. పిల్లలచేతే వేదికను కొలిపిస్తే పాఠానికి పాఠం, పనికి పని అయిపోతుందని పళ్లు తోముకుంటుండగా ఆమెకు తట్టింది. పళ్లు తోముకుంటుండగా తట్టిన ఆలోచనను ముఖం కడుక్కున్నాక మరోసారి చూసుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆమె ఉద్యోగం తాత్కాలికం. హాజరు పుస్తకంలో మిగతా టీచర్ల పేర్లన్నీ సిరాతో ఉంటే ఆమె పేరు రెండేళ్లుగా అట్టడుగున, పెన్సిలుతో ఉంది. ఈసారి ప్రదర్శనకు ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు. పెద్దమేడం గదిలోకి పిలిచి మరీ చెప్పింది, “చూడమ్మా, ఆయనకి నచ్చితే నిన్ను పర్మినెంటు చేస్తారు. నచ్చకపోతే నేనేం చెయ్యలేను. తెర సంగతి కూడా నువ్వే చూసుకో. మీ మామగారు టైలరు కదా, బట్ట నేను కొనిపిస్తాను.” అక్కడి పిల్లల్ని వదిలి వెళ్లాలన్న ఊహే ఆ అమ్మాయికి నచ్చేది కాదు. కాబట్టి అన్నిటికీ సరేనంది.

పాఠం బ్రహ్మాండంగా మొదలైంది. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా జాన అని చూపించగానే పిల్లలందరూ బల్లలూ, పలకలూ, పక్కవాడి వీపూ కొలిచేశారు. తర్వాత వరసగా హాలుకు తీసుకెళ్లి, వేదిక వెడల్పు ఎవరు కొలుస్తారని అడిగింది. అందరి చేతులూ లేచాయి. ఎప్పుడూ లేవని చెయ్యి కూడా ఒకటి లేచింది. అది అందరూ బుడంకాయ అని పిలిచే అమ్మాయిది. తరగతి మొత్తంలో అందరికన్నా చిన్నది, బడిలో చేరిన నాటినుంచి ‘ప్రెజెంట్ టీచర్’ తప్ప మరో మాట మాట్లాడని పిల్ల. ఆ చెయ్యి చూశాక టీచరుకు మరెవరినీ పిలవాలనిపించలేదు.

బుడంకాయ వేదికమీద బోర్లా పడుకున్నంత పని చేసి, నాలుక బయటపెట్టి, జాన తర్వాత జాన వేసుకుంటూ పోయింది. మిగతావాళ్లు గొంతు చించుకుని లెక్కపెట్టారు. వెడల్పు నలభై ఎనిమిది. పైనుంచి వేలాడదీసిన తాడును నేలమీద పరిచి కొలిస్తే ఎత్తు ఇరవై నాలుగు. టీచరు రెండు అంకెల్నీ తరగతిలో నల్లబల్లమీద పెద్దగా రాసింది. మర్నాడు అందరికన్నా పొడుగ్గా ఉండే కుర్రాడిచేత అదే వేదికను కొలిపించి, ‘చూశారా, చెయ్యి మారితే లెక్క మారుతుంది, అందుకే మీటరు వచ్చింది’ అని పాఠం ముగించాలని ఆమె ఉద్దేశం. కానీ మర్నాటినుంచి పాఠాలు ఆపి అందరూ రిహార్సల్స్ చెయ్యాలని పెద్దమేడం నోటీసు పంపింది. పాఠం సగంలో ఆగింది. అంకెలు మాత్రం బల్లమీద ఉండిపోయాయి.

ఆ మర్నాడు టీచరు నోట్లో నాలుగు గుండుసూదులు పట్టుకుని మేఘం వేషంవాడికి దూది గుచ్చుతుండగా ఫోను మోగింది.

“అమ్మాయ్, మేడంగారు పంపిన బట్ట వచ్చింది. కొలతలు చెప్పు” అన్నారు మామగారు.

ఆమె తలతిప్పి నల్లబల్ల చూసింది. “వెడల్పు నలభై ఎనిమిది జానలు, ఎత్తు ఇరవై నాలుగు, మామయ్యగారూ.”

“జానలా?” అన్నారు ఆయన. గొంతులో తడి స్పష్టంగా తెలిసింది. “ఇన్నాళ్లకి మన ఇంట్లో ఒక మనిషి మనుషుల భాష మాట్లాడిందమ్మా. అందరూ సెంటీమీటర్లూ, ఇంచీలూ అంటూ నా ప్రాణం తీస్తుంటే.”

మామగారు జీవితంలో టేపు ముట్టుకోలేదు. టేపు సాగుతుంది, చెయ్యి సాగదు అనేది ఆయన సిద్ధాంతం. ఆ చెయ్యి కూడా అలాంటిలాంటిది కాదు. ఆయన జాన వేస్తే చొక్కా వీపు సగం అందులో ఇమిడిపోతుంది. ఎవరి జాన అని అడగాలని ఆయనకు తోచలేదు. నోట్లో సూదులుండటంవల్ల ఆమెకూ ఎక్కువ మాట్లాడాలనిపించలేదు.

పెద్దమేడం ఎంతయినా వేదికను టేపుతో కొలిపించి బట్ట కొన్న మనిషి. ఆ నీలం బట్టను మామగారు తన జానలతో కొలిచేసరికి అది కావలసినదాంట్లో నాలుగో వంతుకు వచ్చింది. ‘పాపం, బడివాళ్ల దగ్గర అంతే ఉన్నట్టుంది. నోరు తెరిచి చెప్పుకోలేక కోడల్ని ఇరికించారు’ అనుకున్నారాయన. కోడలి ఉద్యోగం ఈ తెరమీద ఆధారపడి ఉందని ఆయనకు తెలుసు. ఆ అమ్మాయంటే ఆయనకు కన్నకూతురి కన్నా ఎక్కువ. ఇల్లు గుల్లయినా సరే తెర తక్కువ కాకూడదని నిశ్చయించుకున్నారు. గుల్ల కావడం ముందుగదితోనే మొదలైంది.

బుధవారం ముందుగది కిటికీలకు కర్టెన్లు లేవు. ఉతకడానికి వేశారేమో అనుకుంది కోడలు. కోడలు బడికి పట్టుకెళ్లిందేమో అనుకుంది అత్తగారు. గురువారం సోఫా కవర్లు కనిపించలేదు. శుక్రవారం పక్కమీది దుప్పట్లు పోయాయి. ఇద్దరూ ఒకరినొకరు అడగడం మర్యాద కాదని ఊరుకున్నారు.

“ఇల్లు వెలుతురుగా ఉంది” అంది అత్తగారు, కోడలివైపు చూడకుండా.

“అవునత్తయ్యా, గాలి కూడా బాగా వస్తోంది” అంది కోడలు.

మామగారు మాత్రం కుట్టు గది తలుపు మూసుకుని మిషను తొక్కుతూనే ఉన్నారు. చూపించమంటే, “సగం కుట్టిన బట్ట, సగం గీసిన గడ్డం ఎవరికీ చూపించకూడదమ్మా” అన్నారు. వీధిలో ఉన్న తోటి టైలర్లందరూ తలా ఇన్ని ముక్కలు ఇచ్చారు. తెరకు కడ్డీ చెయ్యమని వడ్రంగికి కూడా ఆయనే కబురు పంపారు, నలభై ఎనిమిది జానలని. వడ్రంగి తన జానతో కొలిచి చేశాడు.

ప్రదర్శన ముందురోజు సాయంత్రం వడ్రంగి కడ్డీ తీసుకొచ్చాడు. ఒక కొస హాలు గుమ్మంలోంచి లోపలికి వెళ్లి, అవతలి కిటికీలోంచి బయటికొచ్చి, పక్కనున్న ఒకటో తరగతి గదిలోకి తొంగిచూసింది. రెండో కొస ఇంకా వరండాలోనే ఉంది. పెద్దమేడం ఒక కొస నుంచి రెండో కొస దాకా నడిచి వచ్చింది.

“ఇదేమిటమ్మా?” అంది టీచరుతో.

టీచరుకు ఆ క్షణంలో అంతా అర్థమైంది. సోఫా కవర్లు ఎక్కడికెళ్లాయో కూడా అర్థమైంది. ఉన్నదున్నట్టు చెప్పేద్దామని నోరు తెరిచింది.

“ఓహో” అంది పెద్దమేడం తనే. “ప్రదర్శన బయట మైదానంలో పెడదామని నీ ఆలోచనా? హాలు సరిపోదని నేనూ అనుకుంటూనే ఉన్నాను. ముందే చెప్పొచ్చుగా.”

“అవును మేడం” అంది టీచరు. ఆ ఒక్క మాటతో ఆమె మీదికి మైదానం మొత్తం వచ్చి పడింది. పెద్దమేడానికి ఉత్సాహం వస్తే పట్టపగ్గాలుండవు. అప్పటికప్పుడు కుర్చీలన్నీ బయటికి మోయించింది. తల్లిదండ్రులతోపాటు తాతలూ అమ్మమ్మలూ రావచ్చని కబురు చేసింది. రెండు గుంజలు పాతించి వాటిమీద కడ్డీ కట్టించింది. ఇన్‌స్పెక్టరుగారికి స్వయంగా ఫోను చేసి, “మా రెండో తరగతి టీచరుది పెద్ద ఆలోచన సార్” అని చెప్పింది. ఆమె చెప్పినదాంట్లో పెద్దది అన్న మాట వరకూ నిజమే.

మర్నాడు ఉదయం మామగారు సామాను బండిలో తెర పట్టుకొచ్చారు. నలుగురు కలిసి దించారు. విప్పేసరికి మధ్యలో మేడం నీలం బట్ట, దాని చుట్టూ ముందుగది కర్టెన్ల పువ్వులు, సోఫా కవర్ల గళ్లు, అంచునిండా ఎవరెవరివో చొక్కా ముక్కలు. కుట్టు మాత్రం ముత్యాల వరస. కడ్డీకి కట్టాక కూడా రెండు పక్కలా బారెడు బారెడు వేలాడుతూ, కిందనేమో కుప్పలా నేలమీద పడి ఉంది.

“ఎలా ఉందమ్మా?” అన్నారు మామగారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. వారంగా నిద్రపోలేదు.

“చాలా బాగుంది మామయ్యగారూ” అంది కోడలు. ఏడుపూ నవ్వూ రెండూ ఒకేసారి వస్తే ఏది ముందు బయటికి పంపాలో ఆమెకు తెలియలేదు. ప్రేక్షకుల్లో కూర్చున్న అత్తగారు తన సోఫా కవర్లను గుర్తుపట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. నవ్వని మనిషి. నవ్వితే జీతంలోంచి కోసేస్తారేమో అన్నట్టుంటారు. నాటిక పేరు ‘విత్తనం’. బుడంకాయకు విత్తనం వేషం ఇచ్చారు. గోనె గుడ్డ కింద ముడుచుకుని పడుకోవడం, చివర్లో లేచి నిలబడటం, అంతే. మాటలు లేవు కనుకే ఆ వేషం తనకు కావాలని బుడంకాయ సైగ చేసి మరీ అడిగింది.

మేఘం వచ్చింది. మేఘంతోపాటు నిజంగా గాలి కూడా వచ్చింది. తెర ఓడ తెరచాపలా ఉబ్బింది. గుంజలు ముందుకు వంగాయి. “జాగ్రత్త” అని వడ్రంగి అరిచేలోపల ఆ బట్ట మొత్తం లేచి వచ్చి మొదటి రెండు వరసలమీద మెత్తగా కప్పుకుంది. సూర్యుడూ, మేఘమూ, పెద్దమేడం, ఇన్‌స్పెక్టరుగారూ అందరూ దానికింద పోయారు. పువ్వుల కర్టెను దగ్గర ఒక గుండ్రటి తల అటూ ఇటూ తిరుగుతూ దారి వెతుక్కుంటోంది. ఆ తల ఎవరిదో టీచరు పోల్చుకుంది. పెన్సిలు గీత కూడా చెరిగిపోయిందని అక్కడే నిలబడి అనుకుంది.

ముందుగా బయటపడింది విత్తనమే. బుడంకాయ అంచు ఎత్తి పాక్కుంటూ వచ్చి, లేచి నిలబడి, ఆ బట్టను పైనుంచి కిందికి చూసింది. తర్వాత మోకాళ్లమీద కూర్చుని, నాలుక బయటపెట్టి, జానలు వెయ్యడం మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ రెండో తరగతి మొత్తం లెక్కపెట్టింది. నలభై ఎనిమిది దాటింది. అరవై దాటింది. బట్టకింద నుంచి కూడా కొన్ని గొంతులు కలిశాయి. తొంభై దగ్గర అంచు వచ్చింది.

“టీచర్, ఇది నేను కొలిచిన తెర కాదు” అంది బుడంకాయ, మైదానం మొత్తానికి వినిపించేలా.

మామగారు ముందుకొచ్చారు. మొహం చిన్నబోయింది. “నలభై ఎనిమిదే వేశానమ్మా. ఒక్క జాన ఎక్కువ లేదు. నా జాన తప్పని ఇంతవరకు ఎవరూ అనలేదు.”

“మీ చెయ్యి చూపించండి తాతగారూ.”

ఆయన చెయ్యి చాపారు. బుడంకాయ తన చెయ్యి దానిమీద పెట్టింది. ఆ చిన్న చెయ్యి ఆయన అరచేతిలోనే సరిపోయింది, వేళ్లదాకా కూడా రాలేదు.

“తప్పు కాదు తాతగారూ” అంది. “పెద్దది.”

అంతే, పిల్లలందరూ ఎగబడ్డారు. వడ్రంగి చెయ్యి చూపించాల్సి వచ్చింది. పొడుగు కుర్రాడు కొలిచాడు, వాడికి ఇంకో లెక్క వచ్చింది. అప్పుడే బట్టకింద నుంచి జుట్టు రేగిపోయి బయటపడిన ఇన్‌స్పెక్టరుగారి చెయ్యిని కూడా ఒక పిల్ల అడక్కుండానే పట్టుకుని కొలిచేసింది. “మరి అందరికీ ఒకే లెక్క రావాలంటే ఎలా టీచర్?” అని ఎవడో అడిగాడు. సగంలో ఆగిన పాఠం అక్కడ, ఆ గందరగోళంలో, ఆమె ప్రమేయం లేకుండా పూర్తయింది.

ఇన్‌స్పెక్టరుగారు జుట్టు సర్దుకుని టీచరు దగ్గరకు వచ్చారు. “ఇంత తెర కుట్టించి, ఊరందరినీ పిలిచి, పిల్లలే కనిపెట్టేలా చేశారన్నమాట. కొలతల పాఠం ఇలా చెప్పగా నేనెక్కడా చూడలేదు.”

ఊరుకుంటే ఉద్యోగం ఖాయం. ఆ సంగతి ఆమెకు తెలుసు. కానీ పక్కనే బుడంకాయ తలెత్తి ఆమెవైపే చూస్తోంది.

“లేదు సార్. నేను కావాలని చెయ్యలేదు. పొరపాటైంది. ఎవరి జానో చెప్పడం మర్చిపోయాను. మైదానంలో పెడదామన్నది కూడా నా ఆలోచన కాదు, భయపడి అవునన్నాను.”

ఇన్‌స్పెక్టరుగారు పెద్దమేడంవైపు తిరిగారు. “చూశారా మేడం, ఈ రోజుల్లో ఇంత వినయం ఎక్కడుంటుంది?” అని, ఎవరూ ఊహించని విధంగా నవ్వారు. ఆమె మరో రెండుసార్లు నిజం చెప్పబోయింది. చెప్పిన ప్రతిసారీ ఆయనకు ఆమెమీద గౌరవం పెరిగింది. చివరికి భయపడి ఊరుకుంది.

తెర కుట్లు మామగారు విప్పి, వేదికకు సరిపడా నీలం బట్టను హాల్లో కట్టారు. మిగిలినవి మళ్లీ కర్టెన్లూ, సోఫా కవర్లూ అయ్యాయి, కాకపోతే ఏది ఎక్కడిదో ఎవరికీ సరిగ్గా గుర్తులేక ముందుగది సోఫాకు ఒకవైపు పువ్వులూ, ఒకవైపు గళ్లూ వచ్చాయి. బుడంకాయ ఇప్పుడు క్లాసులో మాట్లాడుతుంది. ఆపడమే కష్టంగా ఉంది.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. హాజరు పుస్తకంలో పెన్సిలు పేరును రబ్బరుతో చెరిపి, పెద్దమేడం స్వయంగా సిరాతో రాసింది. టీచరు ఆ పేరును రెండుసార్లు చదువుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతుండగా పెద్దమేడం కలం మూత పెడుతూ అంది, “అన్నట్టు, వచ్చే నెల పిల్లలందరికీ కొత్త యూనిఫాంలు. కొలతల విషయంలో నిన్ను మించినవాళ్లు లేరని ఇన్‌స్పెక్టరుగారే అన్నారు. బడి మొత్తానికీ నువ్వే తియ్యాలి. కుట్టడం ఎలాగూ మీ మామగారే కదా.”

ఇంటికి వెళ్లే దారిలో ఆమె ఒక టేపు కొనుక్కుని, మామగారి కంటపడకుండా సంచి అడుగున పెట్టుకుంది.