తలుపు మీది కాగితం

ఎనిమిదింటికి సామాన్లు సర్దేవాళ్లు రావాలి, సాయంత్రానికి ఇల్లు ఖాళీ కావాలి, రేపు మధ్యాహ్నం జపాన్‌లోని ఒకినావాకి విమానం ఎక్కాలి. ఆ శుక్రవారం నొరీన్ వేసుకున్న లెక్క ఇంతే. ఆమె భర్త లైల్ అమెరికా మెరైన్ సేనలో సార్జెంట్. కిందటిసారి ఒక్కడే వెళ్లి పద్నాలుగు నెలలకు తిరిగొచ్చాడు. ఈసారి ఇద్దరూ కలిసే వెళ్లాలి. అతను సైనిక కార్డు చూపించి ఎలాగో ఎక్కేస్తాడు. పాస్‌పోర్టు లేకపోతే ఆమె మాత్రం ఇక్కడే ఉండిపోవాలి.

సర్దేవాళ్లు కంటపడ్డదల్లా కట్టేస్తారని సైనికుల ఇళ్లలో అందరికీ తెలుసు. అందుకే నొరీన్ పాస్‌పోర్టుల కవరును సూట్‌కేసు మీద పెట్టి, రెండింటినీ బాత్‌రూమ్‌లో ఉంచి, తలుపుకి "ఇక్కడివి సర్దవద్దు" అని కాగితం అంటించింది.

"అత్తయ్యా, మీరు వరండాలో మీ కుర్చీలో కూర్చోండి. ఈ ఒక్కరోజూ ఏం మాట్లాడొద్దు, సరేనా?"

కొడుకును సాగనంపడానికి వచ్చిన ఎడ్నా కూడా ఒక సైనికుడి భార్యగా పద్నాలుగు ఇళ్లు మారిన మనిషే. "సరేలే అమ్మాయ్," అని, తను ఎప్పుడో కొడుక్కిచ్చిన పాత ఊగే కుర్చీలో కూర్చుని అల్లిక తీసింది.

పదకొండింటికి నొరీన్ చేతులు కడుక్కోబోతే సబ్బు లేదు. సబ్బే కాదు, బాత్‌రూమ్‌లో ఏమీ లేదు. తలుపు మీది కాగితం అత్తగారి కుర్చీ వీపుకి అంటించి ఉంది.

"ఓటిస్ గారూ, ఇక్కడి సూట్‌కేసేది?"

"సర్దేశాం మేడమ్. మూడు పొరల కాగితం చుట్టి మరీ," అన్నాడు సర్దేవాళ్ల పెద్ద ఓటిస్.

"తలుపు మీద రాసింది చూళ్లేదా?"

"రాసింది కుర్చీకుంది మేడమ్. కుర్చీ ముట్టుకోలేదు."

ఎడ్నా ఏదో చెప్పబోయింది. "వద్దత్తయ్యా. ఒక్క మాట కూడా వద్దు," అంది నొరీన్. ఎడ్నా మళ్లీ అల్లిక అందుకుంది.

"అది ఏ పెట్టెలో ఉంది?" అన్నాడు లైల్.

"జాబితాలో ఉంటుంది సార్జెంట్ గారూ. ప్రతి పేజీ కిందా సంతకం పెట్టింది మీరేగా."

జాబితాలో నలభై పెట్టెలకు ఎదురుగా "చిల్లర సామాను" అని ఉంది. వాటన్నిటినీ లారీలోంచి దింపి ఇంటి ముందు పచ్చిక మీద విప్పసాగారు. మొదటి పెట్టెలో వంటింటి చెత్తబుట్ట, అరటితొక్కలతో సహా, గాజుబొమ్మను చుట్టినట్టు చుట్టి ఉంది.

"దీన్ని పారేయొచ్చుగా," అన్నాడు లైల్.

"జాబితాకెక్కింది సార్. వెళ్లాల్సిందే," అని ఓటిస్ మళ్లీ టేపు వేశాడు.

ఆ వీధిలో పచ్చిక మీద సామాను పరిచారంటే అమ్మకానికి పెట్టినట్టే. కార్లు ఆగాయి. ఒకావిడ దీపం ఎత్తి చూసింది. ఒకాయన లైల్ బూట్లు తొడుక్కుని నాలుగడుగులు వేశాడు. ఇంట్లో టాయిలెట్ కాగితం కూడా సర్దేశారు కాబట్టి ఎడ్నా పక్కింటికి వెళ్లింది. అప్పుడే ఒక ముసలాయన, "ఆ కుర్చీ ఎంత?" అని అడిగాడు.

సర్దవద్దని రాసి ఉందంటే ఇక్కడ వదిలేసేదేగా అనుకున్నాడు లైల్. "ఊరికే పట్టుకుపో పెద్దాయనా. ఒక బరువు తగ్గుతుంది."

ముప్పై ఏడో పెట్టెలో సూట్‌కేసు దొరికింది. కవరు లేదు. నొరీన్ పచ్చిక మీద చతికిలపడింది. "నువ్వెళ్లు లైల్. మళ్లీ ఉత్తరాలు రాసుకుందాంలే."

ఎడ్నా తిరిగొచ్చి వరండా వంక చూసింది. "నా కుర్చీ ఏదిరా?"

"ఇచ్చేశానమ్మా."

"దిండు కింద కవరు తీసే ఇచ్చావా?"

నొరీన్ చటుక్కున లేచింది. ఎడ్నా చెప్పింది: "వీళ్లు బాత్‌రూముల్ని కూడా వదలర్రా. ముసలిది కూర్చున్న కుర్చీని మాత్రం ఎవరూ కదపరు. అందుకే పొద్దున్నే కవరు తెచ్చి నా కింద పెట్టుకున్నా. కాగితం ఒక్కటే ఉందని దాన్నీ పీక్కొచ్చా."

"చెప్పలేదేం అత్తయ్యా?"

"మాట్లాడొద్దన్నావుగా."

ఓటిస్ సగం సామానున్న లారీతోనే ముసలాయన బండి వెంటపడి, రెండో సిగ్నల్ దగ్గర పట్టుకున్నాడు. ముసలాయన కవరు ఇచ్చాడు కానీ కుర్చీ ఇవ్వనన్నాడు.

"ఉంచుకోనీ," అంది ఎడ్నా. "ముప్పై ఏళ్లు నా నడుం విరగ్గొట్టింది. ఇక ఆయన నడుం చూసుకుంటుంది."

నొరీన్ కవరును గుండెకు హత్తుకుంది. "అత్తయ్యా, ఇక మీ ఇష్టం వచ్చినంత మాట్లాడండి."

"అయితే ముందు ఒక సబ్బు కొనమ్మాయ్."

రెండు నెలల తర్వాత సామాను ఓడలో ఒకినావా చేరింది. అద్దం పగిలింది, మంచానికి ఒక కాలు లేదు. చెత్తబుట్ట మాత్రం, జాబితాలో రాసినట్టే, ఏ లోటూ లేకుండా వచ్చింది.