గురువారం ఎవరికీ జ్వరం రాలేదు

మానవజాతి చేసే పనులన్నిటిలోకీ మహోన్నతమైనది, చేసిన పని గురించి కూర్చుని మాట్లాడుకోవడం. పని చేయాలంటే ఎండలో తిరగాలి. మాట్లాడుకోవడానికి ఫ్యాను చాలు. ఈ సత్యం పైఅధికారులకు ఎప్పటినుంచో తెలుసు గానీ, ఆ మాట్లాడుకోవడం కూడా నవ్వుతూ, రంగు కాగితాలతో, ఏ అధికారి మనసూ నొచ్చుకోకుండా జరగాలన్న జ్ఞానం మాత్రం మన జిల్లాకు 2007 దాకా అందలేదు. అందిన తర్వాత దానికి 'సృజనాత్మక సానుకూల సమీక్ష' అని పేరు పెట్టారు.

నేను చూసింది సంచార దవాఖానా పథకం వారి సమీక్ష. భద్రాచలం అడవి అంచున ఉన్న మా మండల కేంద్రంలో జరిగింది. స్థానిక విలేఖరినని నన్నూ పిలిచారు. (భోజనం ఉందని కార్డులో వేశారు. దానికోసం వెళ్ళానని ఎవరూ అనుకోవద్దు. వేయకపోతే మాత్రం వెళ్ళేవాణ్ణి కాదు.)

ముందు పథకం గురించి చెప్పాలి. ఒక జీపు, అందులో ఒక మందుల పెట్టె, భవాని అనే నర్సు, జహూర్ అనే డ్రైవరు. అడవిలోని ఒక్కో ఊరికి వారంలో ఒక్కో రోజు. చింతలగుంపుకు గురువారం ఇచ్చారు. ఖమ్మం ఆఫీసులో గోడ మీది క్యాలెండరు చూసి ఇచ్చిన రోజు కాబట్టి దానికి తిరుగులేదు. చిక్కల్లా ఏమిటంటే, గురువారం మా మండల కేంద్రంలో సంత.

అడవి ఊళ్ళకు సంత అంటే సరదా కాదు. తెచ్చిన చింతపండో తేనో అమ్ముడుపోతేనే వారానికి సరిపడా బియ్యం, ఉప్పు, నూనె. అది తప్పితే మళ్ళీ వారం దాకా పస్తే. అందుకని గురువారం కోడికూతకే ఊరు ఊరంతా బయల్దేరుతుంది. చంకలో పిల్లలు, నెత్తిన గంపలు, వెనక ముసలివాళ్ళు. ఊళ్ళో కుక్కలు మిగులుతాయి. వాటిని చూడటానికి మన దవాఖానా వెళ్తుంది.

ఉన్న దారి ఒక్కటే కాబట్టి సగం దూరంలో జీపూ జనమూ ఎదురుపడతారు. అక్కడే ఆపి మందులివ్వచ్చు కదా అని అమాయకులు అడగవచ్చు. ఇవ్వకూడదు. పొలిమేర బయట కనబడిన జ్వరాన్ని జ్వరంగా పరిగణించరాదని నిబంధన ఉంది. అందుచేత జహూర్ చెయ్యి ఊపుతాడు, జనమూ చెయ్యి ఊపుతారు. భవాని చింతలగుంపు బడి అరుగు మీద మధ్యాహ్నం దాకా కూర్చుని, రిజిస్టరులో 'రోగులు: లేరు' అని రాసి తిరిగి వస్తుంది. రెండేళ్ళుగా ఇదే వరస.

భవాని కోరిక చాలా చిన్నది. గురువారాన్ని శుక్రవారం చేయాలి. వానలు మొదలైతే అడవిలో చలిజ్వరాలు మొదలవుతాయి. ఆలోగా రోజు మారకపోతే ఈ ఏడు కూడా ఆ ఊరివాళ్ళ నోట ఒక్క మాత్ర పడదు. ఎన్నిసార్లు అడిగినా ప్రాజెక్టు అధికారి వెంకటేశ్వరరావు గారు "సమీక్షలో మాట్లాడుదాం" అన్నారు. అందుకే ఆమె ఆ రోజు అందరికంటే ముందొచ్చి ముందు వరసలో కూర్చుంది.

ఆ రోజు కూడా గురువారమే. హైదరాబాదు నుంచి వచ్చిన సానుకూలతా నిపుణురాలు కళావతి మేడంకు ఆ రోజుకే రైలు టిక్కెట్టు దొరికిందట. నర్సు మీటింగులో ఉన్నా జీపు మాత్రం చింతలగుంపు వెళ్ళాల్సిందే, ఎందుకంటే వాహనం హాజరు వేరు, మనిషి హాజరు వేరు. మందుల పెట్టెను ఎక్కించుకుని జహూర్ ఒక్కడే పోయాడు. ఆ విధంగా మందులు ఊళ్ళో, ఊరు సంతలో, నర్సు మీటింగులో, ఎవరి చోటికి వారు సకాలంలో చేరుకున్నారు.

కళావతి మేడం అందరికీ కాగితాలు పంచింది. జరిగిన మంచి ఆకుపచ్చ కాగితం మీద రాయాలి. ఇంకా మంచిగా జరగగలిగింది పసుపు కాగితం మీద రాయాలి. జరిగిన చెడు ఎక్కడ రాయాలని నేను అడిగాను. ఆ రంగు కొనలేదంది.

భవాని లేచింది. "మేడం, బేస్తవారం చింతలగుంపుల ఎవరుండరు. అందరు సంతకొస్తరు. మేం పొయ్యి ఉత్తగ కూసొని వస్తున్నం. శుక్రవారం చేస్తే అందరికి మందులందుతయి."

"భవాని గారూ, ఇది చాలా బరువైన వాక్యం. దీన్నే ఒక ఆశలాగా చెప్పగలరా?" అంది మేడం.

భవాని వాక్యాన్ని తేలిక చేసింది. "శుక్రవారం పోతే బాగుంటదని ఆశ."

"అద్భుతం" అని మేడం చప్పట్లు కొట్టించింది. ఆశ నమోదైంది. రోజు మారలేదు.

అప్పుడు వెంకటేశ్వరరావు గారు గొంతు సవరించుకుని లెక్కలు విప్పారు. తక్కిన ఊళ్ళన్నిటి నుంచీ ఫిర్యాదులే. మందులు చాల్లేదని, సూది నొప్పెట్టిందని, క్యూలో తోసుకున్నారని. చింతలగుంపు నుంచి రెండేళ్ళలో ఒక్క ఫిర్యాదు లేదు, ఒక్క రోగి లేడు, ఒక్క మాత్ర వృథా కాలేదు. దీన్ని 'గురువారం నమూనా' అని ఖమ్మం వారు మెచ్చుకున్నారట. వచ్చే నెల నుంచి ప్రతి ఊరికీ ఆ ఊరి సంత రోజే దవాఖానా పంపాలని ఆలోచిస్తున్నారట. మళ్ళీ చప్పట్లు.

ఇక లబ్ధిదారు మాట్లాడాలి. మేడం తెచ్చిన పుస్తకంలో అలా ఉంది. లబ్ధిదారు కావాలంటే చింతలగుంపు వెళ్ళనక్కర్లేదు, చింతలగుంపే గోడ అవతల సంతలో ఉంది. అటెండరు వెళ్ళి చింతపండు అమ్ముకుంటున్న జంపక్కను పట్టుకొచ్చాడు. రోళ్ళు పగిలే ఎండల్లో ఆమె కంబళి కప్పుకుని ఉంది. కుర్చీలో కూర్చుంటే కుర్చీ కూడా వణికింది.

"భయపడకండి. మా దవాఖానా వల్ల మీ ఊళ్ళో వచ్చిన ఒక మంచి మార్పు చెప్పండి" అంది కళావతి మేడం.

"జీపు చూస్తం అమ్మా. మేం ఇటొస్తుంటె అదటు పోతది. డ్రైవరన్న చెయ్యూపుతడు."

'ప్రజలతో ఆత్మీయ సంబంధాలు' అని ఆకుపచ్చ కాగితం గోడకెక్కింది.

"ఇంకా మంచిగా ఉండాలంటే ఏం చేయాలి?"

"దినం ఇడిసి దినం చలి పుడతాంది. ఆ జీపుల గోలీలుంటయంట గద. మేం ఇంటికాడున్న దినం ఒక్కపాలి రమ్మనుండ్రి, చాలు."

'సేవలకు పెరుగుతున్న ఆదరణ' అని రాసి మేడం మొదట పసుపు కాగితాల్లో పెట్టింది. ఆదరణ పెరగడం మంచిదే కదా అని వెంకటేశ్వరరావు గారు దాన్ని తీసి ఆకుపచ్చలోకి మార్చారు.

భవాని అప్పటికే వచ్చి జంపక్క నుదుటి మీద చెయ్యి పెట్టింది. "సార్, ఒళ్లు కాలిపోతాంది. మలేరియా లెక్కుంది. రక్తం తీసి చూడాలె."

"పెట్టె ఎక్కడుంది?"

"చింతలగుంపుల."

"అయితే ఆమెను అక్కడికి పొమ్మనండి. ఆమె ఊరే కదా."

"నా సరుకు అమ్ముడువోలె సారూ. బియ్యం కొనాలె" అంది జంపక్క, తప్పు చేసినదానిలా.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి, ఇది సమీక్షా, సంతాపసభా అని గట్టిగానే అడిగాను. కళావతి మేడం చిరునవ్వు చెదరకుండా 'పత్రికల చురుకైన భాగస్వామ్యం' అని రాసి గోడకు అంటించింది. ఆ గోడ ముందు మనిషి ఏం తిట్టినా పొగడ్తే అవుతుంది. భోజనం చేయకుండా వచ్చేశాను. (ఆ రోజు వంకాయ కూర చేశారని తర్వాత తెలిసింది. అయినా సరే.)

గుమ్మం దగ్గర భవాని తన బ్యాగులోంచి తీసిన మాత్రల్ని జంపక్క చేతిలో పెడుతోంది. "ఇవి వేడి తగ్గనీకే అక్కా. రోగం పోదు. రేపు ఇంటికాడనే ఉండు, నేను బస్సుల వస్త."

"వస్తవా సిస్టరమ్మా?" అంది జంపక్క.

భవాని రాలేకపోయింది. గురువారం నమూనా గురించి మిగతా నర్సులకు శిక్షణ ఇవ్వడానికి ఆమెను ఆ సాయంత్రమే ఖమ్మం పిలిపించారు. ఆ నమూనాలో అంత అనుభవం ఉన్నవారు జిల్లాలో మరొకరు లేరు. శిక్షణలు పూర్తయ్యేసరికి వానాకాలం సగం గడిచింది. ఈలోపు చింతలగుంపును జ్వర రహిత గ్రామంగా ప్రకటించి ఒక షీల్డు ఇచ్చారు. గురువారం ఇచ్చారు. పుచ్చుకోవడానికి ఎవరూ లేక, జహూర్ దాన్ని బడి తలుపు గొళ్ళానికి తగిలించి వచ్చాడు.

భవాని ఇంకా ఖమ్మంలోనే ఉండగా, శ్రావణంలో ఒక గురువారం, సంతదారిలో జంపక్క గంపతో సహా కూలబడింది. జనం చుట్టూ మూగారు. ఎదురుగా వస్తున్న జీపును జహూర్ ఈసారి ఆపాడు. అతనే నాతో చెప్పాడు: "నిబంధన గిబంధన ఏం చూడలే అన్నా. ఎత్తుకొని జీపుల పండబెట్టిన. పెట్టె తెరిసేసరికే పానం పొయ్యింది. రెండేండ్లల్ల ఆ ఊరోళ్లు మా జీపెక్కుడు అదే మొదలు."

ఆమెను ఇంటికి చేర్చాడు. పొలిమేర బయట పోయింది కాబట్టి ఆ ఏడు కూడా చింతలగుంపులో జ్వరంతో ఎవరూ చనిపోలేదు. చనిపోయినవారు రోగుల కిందకు రారు కనుక, దవాఖానా జీపులో రోగి కాని మనిషిని ఎక్కించినందుకు జహూర్‌కు మెమో ఇచ్చారు.