గొర్రె తొడ ఇచ్చిన వాంగ్మూలం

విదేశాల నుంచి వచ్చే మాంసం మాట్లాడటం మొదలుపెట్టి మూడేళ్లయింది కాబట్టి, మొగలిపేట రేవులోని తనిఖీ గదిలో దాని వాంగ్మూలం తీసుకోవడానికి ఒక బల్ల, రెండు కుర్చీలు, నాలుగు పేజీల ఫారం ఏర్పాటు చేశారు. రెండో కుర్చీ మాంసానిది. భాషతో పేచీ లేదు. రేవు గాలి తగిలిన గంటలోపే దానికి ఇక్కడి తెలుగు వచ్చేస్తుంది.

పశువైద్యాధికారి గొర్లె సుభద్రకు ఈ పని ఎంతో ఇష్టం. ఆమె ఎప్పుడూ రాష్ట్రం దాటలేదు. కూర్చున్న చోటే ప్రపంచంలోని రేవులన్నిటి కబుర్లూ వినేది. పైగా ఇంటిపేరు వినగానే గొర్రె మాంసం ఆమెతో ఇట్టే చనువు పెంచుకునేది.

ఒక బుధవారం కుర్చీలో కూర్చోబెట్టింది ఒక తొడను. అది రెండువందల పెట్టెల సరుకు తరఫున వచ్చింది.

“ఎక్కడ పుట్టావు?” అని అడిగింది సుభద్ర.

“ఏ దేశమో నాకేటి తెల్సమ్మా. గడ్డి బాగుండేది. ఇంకో దేశంలో కోసినారు, మరో దేశంలో ముక్కలు చేసినారు. నాలుగో దేశంలో పెట్టె మార్చి, కొత్త చీటీ అంటించినారు.”

“చీటీ మీద ఎక్కడా మంచు కరగలేదని ఉంది.”

తొడ కాస్త తటపటాయించింది. “అక్కడ రేవులో మూడ్రోజులు కరెంటు నేదమ్మా. మెత్తబడిపోనాం. మళ్లీ గట్టిపర్చినారు. నా పక్కనున్నోళ్లకి వాసనొచ్చేసింది. తిన్నోళ్లకి మంచిది కాదు, రాసుకో.”

సుభద్ర అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. దిగుమతిదారు తరఫున వచ్చిన పొట్నూరి జనార్దన్ మర్యాదగా లేచి నిలబడ్డాడు.

“మేడమ్, ఇన్నాళ్లు చల్లగా ఉంది కదండీ, ఏదో పలవరిస్తంది.”

“పలవరింతకి ఫారంలో గడి లేదండీ,” అంది సుభద్ర. సరుకు మొత్తాన్నీ తిప్పి పంపేసింది.

తొడ కుర్చీ దిగుతూ, “మళ్లీ ఓడేనా? పోన్లే, సముద్రం నాకు అలవాటే,” అంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ సుభద్ర కూనిరాగం తీసింది. ఒక తొడ నిజం చెప్పింది, తను రాసింది, ఊళ్లో ఎవరి కడుపూ చెడలేదు. ఉద్యోగంలో ఇంతకంటే ఏం కావాలి?

జనార్దన్ కోపం తెచ్చుకోలేదు. నెల తిరిగేసరికి లడ్డూల పొట్లంతో, కొత్త సరుకుతో వచ్చాడు. ఈసారి తొడలు లేవు, పక్కటెముకలు లేవు. అంతా ఖీమా.

సుభద్ర మొదటి పెట్టెను కుర్చీలో పెట్టి పేరు అడిగింది. లోపలి నుంచి సంతలోలాగా రొద వచ్చింది. ఒకరు ఎండ అంటున్నారు, ఒకరు జ్వరం అంటున్నారు, ఎవరో పిల్లను పిలుస్తున్నారు. ఏడు దేశాల జీవాలు, ఎన్ని వందలో, పిడికెడేసి చొప్పున కలిసిపోయి ఒకేసారి మాట్లాడుతున్నాయి.

“ఒక్కొక్కరు చెప్పండమ్మా,” అని బతిమాలింది. అప్పుడు రొద ఇంకా పెరిగింది. మధ్యాహ్నం దాకా చెవి ఆనించి, ఒక గొంతు పట్టుకుంటే దాని చివర మరో గొంతు తగిలి, ఆఖరికి డిప్యూటీ డైరెక్టర్ విఠల్ ప్రసాద్ గదికి వెళ్లింది.

“సార్, ఇందులో ఎవరో జ్వరమంటున్నారు.”

“ఎవరు?”

“తెలియడం లేదు సార్.”

“ఫారంలో వాంగ్మూలం ఇచ్చేవారి పేరుకి ఒక్కటే గీత ఉందమ్మా,” అన్నాడాయన జాలిగా. “ఎవరన్నారో తేలితే ఆపేద్దాం. నాకేమన్నా సరదానా? తేలకపోతే మనం ఏం చేస్తాం?”

ఆయన చెడ్డవాడు కాదు. లడ్డూ కూడా సగం విరిచి ఆమెకే ఇచ్చాడు.

సుభద్ర వెనక్కి వచ్చి కూర్చుంది. మొదట్లో చెవులు నొప్పెట్టాయి. నాలుగో పెట్టెకి ఆ రొద వాన చప్పుడులా హాయిగా అనిపించింది. పదో పెట్టెకి చేయి దానంతటదే రాయసాగింది. ఆ గదిలోకి అంతమంది ఒక్కసారిగా ఎప్పుడూ రాలేదు, ఇంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. చివరి పేజీలో ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో, “అభ్యంతరం చెప్పినవారు లేరు,” అని రాసి ముద్ర వేసింది.