మునుగుడు కోడికి రివర్షన్

నేలమీదా గాలిలోనూ సక్రమంగా సర్వీసు చేస్తున్న ఏ పక్షినైనా, తగిన కారణం చూపకుండా తిరిగి నీళ్లలోకి రివర్ట్ చేసే, అంటే కింది గ్రేడుకు దించే అధికారం ప్రకృతికి లేదని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంటులోని వంశధార ఆంధ్ర హితకారిణి సమాజం గత ఆదివారం కరతాళధ్వనుల మధ్య తీర్మానించింది. ప్రకృతి చిరునామా ఎవరికీ తెలియకపోవడంతో ఆ తీర్మానం ప్రస్తుతం కార్యదర్శి శ్రీనివాసులు కిరాణా దుకాణంలో, చింతపండు డబ్బా కింద భద్రంగా ఉంది.

అదే రోజు రెండో తీర్మానం కూడా ఒకటి సభ ముందుకు వచ్చింది. దాని గతి ఏమైందో తెలియాలంటే సమాజం అధ్యక్షులు, రిటైర్డ్ హెడ్ క్లర్కు నాగభూషణం గారి ఇంటికి వెళ్లాలి.

నాగభూషణం సర్వీసంతా ఒకే బల్ల దగ్గర కూర్చుని, రైల్వేలో ఎవరు ఎవరికన్నా సీనియరో తేల్చారు. తేల్చి తేల్చి ఆయనకు లోకంలో ఏది జరిగినా అది ఏ రూలు కింద జరిగిందో చూడటం అలవాటైంది. విష్ణుమూర్తి మీద ఆయనకు అపారమైన గౌరవం. చేప నుంచి తాబేలు, తాబేలు నుంచి వరాహం, ఎక్కడా గ్రేడు దూకకుండా పద్ధతిగా పైకి వచ్చాడు కాబట్టి. తన చెల్లెల్ని లీలావతి అన్నకిచ్చి, లీలావతిని తాను చేసుకున్న కుండమార్పిడి పెళ్లిని ఆయన ఈనాటికీ మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్ అనే అంటారు. లీలావతమ్మ కూడా ఆ మాటకు అలవాటుపడింది, పాపం.

ఆయన తన తాత క్వార్టర్లో పుట్టి, తండ్రి క్వార్టర్లో పెరిగి, సొంత క్వార్టర్లో రిటైరై, ఇప్పుడు వర్క్‌షాపులో పనిచేస్తున్న కొడుకు ప్రదీప్ క్వార్టర్లో విశ్రాంతి తీసుకుంటున్నారు. దేశమంతా తిరగడానికి రైల్వే ఏటా పాసులిచ్చేది. శ్రీకాకుళం పెళ్లిళ్లకు తప్ప వాటిని వాడిన పాపాన పోలేదు. ఎక్కడికైనా వెళ్లగలనన్న ధైర్యం ఉంటే చాలదా, వెళ్లడం కూడా ఎందుకు?

ఇంతటి నిండైన జీవితంలో ఒకే ఒక లోపం ఆయన కుడి భుజం. బిగుసుకుపోయి, చెయ్యి భుజం ఎత్తుకు మించి లేవదు. రోజూ గోడమీద వేళ్లను పైకి పాకించమని డాక్టరు చెప్పాడు. గోడ రైల్వేది, మరకలు పడితే బాగుండదని ఆయన మానేశారు. చొక్కా తొడగాలంటే లీలావతమ్మ కింద నుంచి మోచెయ్యి పట్టి ఎత్తాల్సిందే.

ప్రదీప్ కూతురు రష్మితకు రైల్వేలో జూనియర్ క్లర్కు ఉద్యోగం వచ్చిన రోజున ఆ భుజం నొప్పి కూడా తగ్గినట్టే అనిపించింది ఆయనకు. ఐదో తరం! ఝపటాపూర్ దాకా రసగుల్లాలు పంచారు. తీసుకున్న ప్రతివాళ్లూ క్వార్టర్ ఎక్కడొస్తుందని అడిగారే గానీ, పిల్లకు ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు. అడగవలసిన ప్రశ్నలా ఎవరికీ తోచలేదు కూడా.

రసగుల్లా కుండలు కడక్కముందే రష్మిత తాత పక్కన కూర్చుని, తాను ఆ ఉద్యోగంలో చేరనని చెప్పింది. ఊరి పక్కనే హిజ్లీలో ఉన్న పెద్ద విద్యాసంస్థలో పరిశోధనకు సీటు వచ్చిందట. దేనిమీద? నీళ్లలో మునిగే పక్షులు ఎక్కడి నుంచి వచ్చాయో, వాటి పాత ఎముకలను బట్టి కనిపెట్టడం మీద. క్వార్టర్ లేదు. పాసు లేదు. ఇచ్చే ఫెలోషిప్ కూడా టెంపరరీ.

"నువ్వు వద్దంటే సేరిపోతాను తాతా," అంది రష్మిత. "నీ మాట దాటను. కానీ ఇనకుండా వద్దనకు."

ఈ పిల్ల పోట్లాడినా బాగుండేది. భారమంతా తెచ్చి ఆయన నెత్తిన పెట్టింది. పైగా నేరం ఆయనదే. దాని చిన్నతనంలో రోజూ సాయంత్రం కాలనీ వెనక పుకుర్ అనే చెరువు గట్టుకు తీసుకెళ్లి, బెంగాలీలు డుబురి అనే మునుగుడు కోడిని చూపించిందెవరు? అది బుడుంగున మునిగితే మళ్లీ ఎక్కడ తేలుతుందో పందెం కట్టిందెవరు? ఆయన ఎప్పుడూ మునిగిన చోటే చూపించేవారు. అది ఎప్పుడూ అక్కడ తేలేది కాదు. పిల్ల మాత్రం సరిగ్గా చెప్పేది.

సరే, విన్నారు. పక్షుల పూర్వీకులు నేలమీద తిరిగేవని, అవి గాలికెక్కాయని, అందులో కొన్ని మళ్లీ నీళ్లకు దిగాయని రష్మిత చెప్పగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు, అందినంత వరకు.

"ఉండమ్మా. గాలికి ప్రమోషన్ వచ్చీసిన పక్షి మళ్లీ నీళ్లకెందుకు ఎలతాది? అది రివర్షన్. ఛార్జిషీటు ఏటి ఇచ్చినారు దానికి?"

ఛార్జిషీటేమీ లేదని, నీళ్లలో చేపలున్నాయి కాబట్టి వెళ్లిందని రష్మిత అంది. తిండి కోసం గ్రేడు వదులుకున్నవాణ్ని ఆయన తన సర్వీసులో చూడలేదు. మునుగుడు కోడీ నీటికాకీ ఒకే పని చేసినా ఒక కుటుంబం కాదని, మునుగుడు కోడికి అసలైన దగ్గర చుట్టం పులికాట్ నీళ్లలో గులాబిరంగులో నిలబడే పొడుగు కాళ్ల ఫ్లెమింగో అని ఆమె చెప్పినప్పుడు మాత్రం ఆయనకు ఆశ్చర్యం కలగలేదు. ఒకే ఇంట్లో ఒకడు ఆఫీసరు, ఒకడు ఖలాసీ. సెటిల్‌మెంటులో ఏ గుమ్మంలో చూసినా కనిపించేదే.

ఆయన్ని నిద్రపోనివ్వనిది వేరే సంగతి. మునుగుడు కోళ్ల ఎముకలు కొంతకాలం వెనక్కి దొరుకుతాయట. అంతకు వెనక ఏమీ లేదట. చుట్టరికం చూస్తే వంశం అంతకన్నా చాలా పాతదై ఉండాలి, కానీ నిదర్శనం లేదు. అంటే బ్రేక్ ఇన్ సర్వీస్! మధ్యకాలాన్ని ఎవరు సర్టిఫై చేశారు? ఇన్ని కోట్ల ఏళ్లుగా ఒక్క ఆఫీసూ పట్టించుకోలేదా?

"అది ఎతకడమే నా పని తాతా," అంది రష్మిత.

ఆయన లెక్క వేసుకున్నారు. ఔనంటే ఐదో తరం గోవిందా. కాదంటే పిల్ల మారుమాట్లాడకుండా వెళ్లి బల్ల దగ్గర కూర్చుంటుంది. ఆ బల్ల ఎలా ఉంటుందో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? ఇలాంటి ఇరుకున పడ్డ పెద్దమనుషులు ఏం చేస్తారో మీకు తెలిసిందే. విషయాన్ని కమిటీకి పంపారు.

అలా ఆదివారం సభ జరిగింది. పక్షులకు అన్యాయం జరిగిందన్న మొదటి తీర్మానం సునాయాసంగా నెగ్గాక శ్రీనివాసులు లేచి ఉపన్యసించాడు. మన తాతలు వంశధార ఒడ్డు నుంచి ఇంత దూరం ఎగిరి వచ్చింది ఇక్కడ స్థిరపడటానికే గానీ, మనవరాళ్లు మళ్లీ ఎగరడానికి కాదని చెప్పి, ఆడపిల్లల చదువు పట్ల సమాజానికి ఎనలేని అభిమానం ఉందని, ఆ అభిమానం పర్మనెంటు ఉద్యోగం రాగానే ముగియడం సంప్రదాయమని ముగించాడు. చప్పట్లు బాగా పడ్డాయి.

రష్మిత గోడమీద తెరకట్టి ఒక బొమ్మ చూపించింది. దాని పేరు హెస్పరోర్నిస్. డైనోసార్ల కాలం నాటిది. ఇంచుమించు మనిషంత పొడుగు, నోటినిండా పళ్లు, ఈతలో దానికి ఎదురులేదు. రెక్కలు మాత్రం లేనట్టే. భుజం దగ్గర సన్నటి ఎముక ఒకటి మిగిలింది, అంతే. గుమ్మం ముందే సముద్రం, సముద్రం నిండా చేపలు. ఎగరాల్సిన అవసరం లేక రెక్కలు తరతరానికీ చిక్కిపోయాయి.

సభ మురిసిపోయింది. ఎక్కడికీ కదలక్కర్లేదు, పూటపూటా చేప, పైవాళ్ల బెడద లేదు. వెనక వరసలోంచి సొలొమోను మేస్త్రి, అది పర్మనెంటేనా అని అడిగాడు. ఆ జీవిని సెటిల్‌మెంటు పక్షాన అభినందించాలని శ్రీనివాసులు అప్పటికప్పుడే ప్రతిపాదించాడు. లీలావతమ్మ ఒక్కతే, తర్వాత ఏటయింది అని అడిగింది.

"సముద్రం తగ్గిపోనాది మామ్మా. పైనుంచి పెద్ద ఆపదొచ్చింది. దాని వంశంలో ఒక్కటీ మిగల్నేదు," అంది రష్మిత. "ఆ రోజు బతికి బయటపడ్డవి చిన్నవి. ఎగరగలిగినవి."

అభినందన తీర్మానాన్ని సంతాప తీర్మానంగా సవరించి, అందరూ లేచి మౌనం పాటించారు. కూర్చున్నాక రష్మిత మన పుకుర్ పక్షి గురించి ఇంకొక్క మాట చెప్పింది. మునుగుడు కోడి తన ఈకలు తానే పీక్కుని తింటుందట. పిల్లలకు కూడా తినిపిస్తుందట. విన్నవాళ్లెవరికీ అందులో అభ్యంతరం కనిపించలేదు. పిల్లల్ని పెంచడం తెలిసిన పక్షి అని సొలొమోను మెచ్చుకున్నాడు.

నాగభూషణం తెరమీది ఎముకను చూస్తూ ఉండిపోయారు. భుజం దగ్గర మొదలై మోచేతి దాకా కూడా సరిగ్గా రాని ఎముక. ఆయన ఎడమ చెయ్యి తనంతట తానే వెళ్లి కుడి భుజాన్ని తడిమింది. ఆ పక్షి కూడా మొదట్లో గోడమీద మరకలు పడతాయనే అనుకుని ఉంటుంది. ఆయనకు దుఃఖం వచ్చింది. అధ్యక్షస్థానంలో ఉండటం వల్ల దిగమింగుకున్నారు.

శ్రీనివాసులు రెండో తీర్మానం చదివాడు: కుమారి రష్మిత ఉద్యోగం వదులుకోవడానికి సమ్మతించేవారు కుడి చెయ్యి ఎత్తవలెను. ఒక్క చెయ్యీ లేవలేదు. కన్నతండ్రి ప్రదీప్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. రష్మిత ఎవర్నీ చూడటం లేదు, తాతనే చూస్తోంది.

అప్పుడు అధ్యక్షుల వారి కుడి చెయ్యి కదిలింది. భుజం ఎత్తు దాకా వచ్చి ఆగింది. మణికట్టు కిందికి వేలాడుతోంది.

"అధ్యక్షా, ఇది ఓటా, టీ రమ్మనడమా?" అన్నాడు శ్రీనివాసులు. నిబంధనల ప్రకారం చెయ్యి తల దాటాలని గుర్తుచేశాడు.

లీలావతమ్మ ఆడవాళ్ల వరసలోంచి లేచి వచ్చింది. రోజూ చొక్కా తొడిగేటప్పుడు చేసినట్టే, కింద నుంచి మోచెయ్యి పట్టి మెల్లగా పైకెత్తింది. నొప్పికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికేనని మినిట్స్‌లో కూడా రాశారు.

"ఎలిపో అమ్మా," అన్నారు నాగభూషణం. "ములిగిన సోటే తేలతావని నేనే తప్పు సెప్పినాను."

రష్మిత తెర విప్పుకుంటూ ఏడ్చేసింది. ఆమెకు కావలసింది ఆ ఒక్క చెయ్యే.

ఇతరుల సాయంతో లేచిన చెయ్యి పూర్తి ఓటు కాదని శ్రీనివాసులు తేల్చాడు. అనుకూలంగా అర చెయ్యి, తీర్మానం వీగిపోయింది అని రాసుకున్నాడు. ఆ తర్వాత అరిటికాయ బజ్జీల పళ్లెం పట్టుకుని, ఇంకా అందనివాళ్లు చెయ్యెత్తండర్రా అన్నాడు. సభలో ఉన్న చేతులన్నీ ఒక్కసారిగా తలలు దాటి లేచాయి. ఒక్క భుజానికీ ఏ జబ్బూ లేదు.

చదువుతున్న మీకు కూడా ఉండదనే మా నమ్మకం. అయినా ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఓసారి ఎత్తి చూసుకోండి. బజ్జీలు దగ్గర పెట్టుకోకుండా.