ఆత్మారాం పంతులు వల్లెవేసిన మార్పులు

ఆ ఆదివారం ఆత్మారాం పంతులు సంకల్పించుకున్నది చాలా చిన్న కార్యం. తెల్లవారుజామున స్నానం ముగించి, తడిబట్టతో దేవుని ముందు కూర్చుండి, ఎండ వాకిట్లోకి దిగేలోపల గుప్పెడు ఆంగ్ల పదాలను కంఠస్థం చేయాలి. అంతే.

బోధన్ దారిలోని ఒక ఖండసారి చక్కెర మిల్లులో ఆయన గుమాస్తా. ఏ రైతు ఏనాడు చెరకు నరికి బండి కట్టాలో నిర్ణయించి చీటీ ఇవ్వడం ఆయన పని. నిజాం కాలపు బడిలో ఉర్దూ చదివాడు. ఇంటివద్ద తండ్రి ముందు కూర్చుండి సంస్కృత నిఘంటువులను, తెలుగు పద్యాలను వల్లెవేశాడు. ఈ సంపదతో బ్రతుకు వెళ్లిపోతుందని నమ్మాడు. కాని రాష్ట్రం మారింది, ఉర్దూ కాగితాలు అటకెక్కాయి, ఆ ఏడు మద్రాసు నుండి కొత్త మేనేజరు వచ్చాడు. అతనికి తెలుగు రాదు, ఉర్దూ అంతకన్నా రాదు. సోమవారం ఉదయం తన గదికి వచ్చి, మిల్లులో ఏది పెరిగిందో, ఏది తగ్గిందో, దానివల్ల ఏమైందో ఇంగ్లీషులో నోటితో చెప్పాలని, చెప్పలేకపోతే చెప్పగలవానిని ఆ పనిలో పెట్టుకుంటానని, స్టోరుకీపరు రామ్‌దాస్ చేత చెప్పించాడు.

నాటినుండి పంతులుకు అన్నం సహించలేదు. వయసు యాభై దాటింది. ఈ పని పోతే మరొక పని ఇచ్చేవారెవరూ ఆ చుట్టుపక్కల లేరు. రామ్‌దాస్ జాలిపడి, మార్పును, దాని ఫలితాన్ని తెలిపే మాటలన్నీ ఏర్చి నేర్పాడు. వాటిని నిలుపుకొనడానికి పంతులుకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ముందు పదం, పిమ్మట అర్థం, ఆపైన ఒక ఉదాహరణ. అన్నిటినీ రాగయుక్తంగా పైకి చదవాలి. ఆయనకు పట్టుబడిన రాగం కూడ ఒక్కటే. ఏటేటా ఉగాదినాడు వీధి జనాన్ని కూర్చుండబెట్టి పంచాంగం వినిపించే రాగం అది. ఇక ఉదాహరణలు మనసుకు తోచినవి వేసుకున్నాడు. ఆ మనసులో అప్పుడు భయం తప్ప మరేమీ లేదు.

"ఇంక్రీజు... వృద్ధి చెందును. బండ్లు వృద్ధి చెందును. డిక్రీజు... తగ్గును. రసము తగ్గును. డిక్లైను... క్రమముగా క్షీణించును. చెరకు తీపి క్షీణించును. కొలాప్సు... హఠాత్తుగా కూలును. మిల్లు పొగగొట్టము కూలును. రిజల్టు... తత్ఫలితముగా జనులు ఊరు విడిచి పోవుదురు."

పాలు పోయడానికి వచ్చిన భూమవ్వ గడప దగ్గరే నిలిచిపోయింది. కిందటి ఉగాదికి పంతులు ఇదే గొంతుతో వడగండ్లు పడతాయని చదివాడు, పడ్డాయి. ఆమె చెంబు కింద పెట్టి చేతులు జోడించి, పంతులు భార్య తారాబాయిని మెల్లగా అడిగింది.

"అక్కా, పంతులు ఏం సదువుతుండు? ఉగాది ఇంకా రాకపాయె."

పరీక్ష సంగతి పొక్కితే పరువు పోతుందని పంతులు భార్యకు గట్టిగా చెప్పి ఉంచాడు. అబద్ధమాడడం ఆమెకు చేతకాదు. "ఏమో భూమవ్వా, నన్నడగకు. మొన్నటి సంది బువ్వ ముడ్తలేడు. సోమారం గడిస్తె బతికినట్టే అంటుండు."

"సోమారమంటె రేపే గద అక్కా."

"రేపే."

"నడుమనడుమ ఏందో మంత్రం గూడ ఏస్తుండు. నేనైతె ఎన్నడు ఇనలే. గట్టిదే ఉన్నట్టుంది."

భూమవ్వ పాలు పోయడం మరచి, చెంబుతోనే తమ్ముడు దేవన్న చెరకుతోటకు నడిచింది. దేవన్న గట్టు మీద కూర్చుండి చుట్ట కాలుస్తున్నాడు. అక్క చెప్పినదంతా విని చుట్ట ఆర్పివేశాడు.

"చీటీ ఇచ్చే పంతులే అన్నడా గీ మాట?"

"దేవుని ముంగట, తడిబట్టల మీద. ఉత్తగనే అంటడార?"

"నా చీటీకి ఇంకా శానా దినాలున్నయే అక్కా."

"అయితె చీటీ పట్టుకొని కూసో. తీపి పోయినంక గా చెరుకు బర్రెలకు ఎయ్యి. అవి గూడ తింటయో తినయో."

మధ్యాహ్నానికి దేవన్న తోటలో కొడవళ్లు ఆడుతున్నాయి. పక్కతోట బాలన్న వచ్చి గట్టు మీద నిలిచాడు.

"చీటీ వచ్చిందా దేవన్నా?"

"లేదన్నా. ఊకెనే నరుకుతున్న."

పండని తోటను పెళ్లాంపిల్లలతో సహా ఊరికే నరికేవాణ్ణి చూసి నిబ్బరంగా ఉండగల రైతు ఆ తాలూకాలో పుట్టలేదు. బాలన్న అడగవలసినదంతా అడిగి, పరుగున తన తోటకు పోయాడు. పొద్దు వాలేసరికి చుట్టుపక్కల ఏ తోటలో విన్నా నరికే చప్పుడే. ఈలోపల భూమవ్వ సాయంకాలపు పాలు పోస్తూ లింబయ్య ఇంటికి వెళ్లింది. మిల్లు బట్టీలో చెరకు పిప్పి ఎగదోసి మంట నిలిపేవాడు లింబయ్య. పొగగొట్టానికి అందరికంటె దగ్గరగా నిలిచేవాడూ అతడే. తీపి సంగతి అతనికి పట్టలేదు. కూలే సంగతి పట్టింది.

సోమవారం ఉదయం ఆత్మారాం పంతులు పదాలను పెదవుల మీద నిలుపుకొని మిల్లుకు బయలుదేరాడు. మలుపు తిరిగేసరికి ఎడ్లబండ్లు కనిపించాయి. మిల్లు గేటు నుండి పెద్దరోడ్డు దాకా, ఆపైన చూపు ఆనినంత దూరం, చెరకు బండ్లే. 'బండ్లు వృద్ధి చెందును' అన్న తన ఉదాహరణ స్ఫురించి ఆయన అడుగు తడబడింది. మరి కొంత నడిచాడు. మిల్లు చప్పుడు లేదు. బట్టీ చల్లారింది, రసం కారే కాలువ ఎండి ఉంది. 'రసము తగ్గును.' తాను అల్లుకున్న మాటలు తన కళ్లముందే వరుస తప్పకుండా జరుగుతున్నాయి. తల ఎత్తి పొగగొట్టం వైపు చూశాడు. దాని వెనుక పలుచని మబ్బులు కదులుతున్నాయి. గొట్టమే తన మీదికి ఒరుగుతున్నట్టు తోచి, గోడ పట్టుకొని దైవనామం అందుకున్నాడు.

చెట్టు కింద కూర్చున్న కూలీలలో నుండి లింబయ్య లేచి వచ్చాడు. వెనుక దేవన్న, బాలన్న.

"పంతులూ, కూలేది పొద్దుగాలనా, మాపటీలనా? గదొక్కటి జెప్పు. మాపటీల అయితె జర పని జేస్తం."

"ఎవరన్నరయ్యా కూలుతదని?"

"నువ్వే. మా భూమక్క తన చెవులార ఇన్నది" అన్నాడు దేవన్న.

జరిగినదేమిటో పంతులుకు అప్పుడు అర్థమైంది. పొగగొట్టం మీది భయం పోయి అంతకంటె పెద్ద భయం పట్టుకుంది. నోరు తెరిచి అది పాఠమని చెప్పబోయాడు. "సదువుకునే వయసా పంతులూ నీది? మమ్ముల బెదరనీయద్దని దాస్తున్నవు" అని బాలన్న నొచ్చుకున్నాడు. ఇంతలో మేనేజరు పిలుపు వచ్చింది.

మేనేజరు కిటికీ దగ్గర నిలబడి బండ్ల వైపు వేలు చూపుతున్నాడు. ముఖం కందగడ్డలా ఉంది. రామ్‌దాస్ మూలన ఒదిగి ఉన్నాడు. ఏమి జరుగుతున్నదని మేనేజరు అరిచాడు. పంతులుకు బుర్ర ఆడలేదు కాని, అలవాటు పడిన నోరు ఆడింది. కళ్లు మూసుకొని, తెలియకుండానే పంచాంగపు రాగంలో చెప్పాడు.

"సర్, కార్ట్సు ఇంక్రీజు. జ్యూసు డిక్రీజు. స్వీట్‌నెసు డిక్లైను. చిమ్నీ... నాట్ కొలాప్సు. రిజల్టు, మిల్లు స్టాపు."

మేనేజరు నిదానించాడు. ఆ మిల్లులో అడుగుపెట్టిన తరువాత అంత క్రమమైన సమాధానం అతడు వినడం అదే మొదలు. అయితే ఇదంతా దేనివల్ల జరిగిందని అడిగాడు. కారణం చెప్పే మాటల దాకా పాఠం సాగలేదు. రాని భాష వెనుక దాగవచ్చునని ఒక్క క్షణం అనిపించింది. ఏ దేవుని ముందు తడిబట్టతో కూర్చున్నాడో ఆ దేవుడు గుర్తుకు వచ్చాడు. రామ్‌దాస్ వైపు తిరిగి, "ఉన్నది ఉన్నట్టు చెప్పు రామ్‌దాస్. నేను దేవుని ముంగట వల్లించిన, జనం నమ్మిన్రు. తప్పు నాది" అన్నాడు.

ఆ మాటలు నేర్పినవాడు తానేనని బయటపడితే రామ్‌దాస్ ఉద్యోగమూ నిలువదు. అతడు ఇంగ్లీషులో క్లుప్తంగా విన్నవించాడు: పొగగొట్టం పడుతుందని కూలీలకు పిచ్చిభయం పట్టింది, ఈ పంతులు మాటంటే వారికి గురి, ఆయన గొట్టం మొదట్లో కూర్చుంటే అందరూ లోపలికి వస్తారు, అందుకు ఆయనే సిద్ధంగా ఉన్నాడు.

మేనేజరు వచ్చి పంతులు చేయి పట్టుకొని ఊపాడు. ఉద్యోగం నిలిచిందని రామ్‌దాస్ చెప్పగా పంతులుకు కళ్లనీళ్లు తిరిగాయి. మిగిలిన సంగతి, తన కుర్చీని ఇద్దరు మనుషులు పొగగొట్టం కిందికి మోసుకొనిపోవడం చూసినప్పుడు తెలిసింది.

పంతులు కూర్చున్నాడు. మీదికి చూడకూడదని నిశ్చయించుకొని మాటిమాటికీ చూశాడు. మబ్బులు కదిలినప్పుడల్లా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకొని నామం జపించాడు.

"సూడుండ్రి, పెదవులాడుతున్నయి" అన్నాడు లింబయ్య కూలీలతో. "ఏందో మంత్రంతోని కట్టు కడ్తుండు. ఇగ పడది, పాండ్రి."

బట్టీ రాజుకుంది. పొగ లేచింది. మొదటి బండి లోపలికి కదిలింది. మరునాడు పంతులు జ్వరమని ఇంట పడుకుంటే ఒక్క కూలీ గేటు దాటలేదు. మేనేజరు బండి పంపి, దుప్పటితో సహా ఆయనను పిలిపించుకున్నాడు.

ఆత్మారాం పంతులు ఉద్యోగం చివరిదాకా చెక్కుచెదరలేదు. సెలవు మాత్రం మరి ఒక్కనాడూ మంజూరు కాలేదు.